బాగుంది అనే మాట పక్కన పెట్టాక

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



"పుస్తక పఠనం వల్ల ప్రయోజనాలు" అనే అంశం మీద మాట్లాడమని సంఘం వాళ్ళు అడిగారు. ఆ ప్రయోజనాలన్నీ మీరు తెలుగు పరీక్షలో వ్యాసంగా రాసే ఉంటారు. మాలాంటి వాళ్ళమే రాయించి ఉంటాం. అందుకని ఆ జాబితా మళ్ళీ చదవం. కిందటి విద్యా సంవత్సరంలో మా గిరిజన బాలికల వసతి గృహంలో మేము మూడు నవలలు చదివాం. చదివి ఒకరి అభిప్రాయాలు ఒకరికి చెప్పుకున్నాం. వాదులాడుకున్నాం. ఒకరిద్దరు ఏడ్చారు కూడా. ఆ సంగతే చెబుతాం. మీ ఊళ్ళో, మీ గదిలో, మీ స్నేహితులతో మీరూ ఇలా చేయవచ్చని అనిపిస్తే మాకు అంతకన్నా ఏం కావాలి?

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా ఆఫీసు గదిలో ఒక చెక్క బీరువా ఉంది. దాని నిండా పుస్తకాలు. బీరువాకు తాళం. ఆ తాళంచెవి మా దగ్గర. పుస్తకం పోయినా చిరిగినా స్టాక్ రిజిస్టరు ముందు జవాబు చెప్పుకోవలసింది వార్డెనే కాబట్టి, చాలా ఏళ్ళు ఆ తాళం తీయలేదు. ఒక వానాకాలం ఎందుకో తెరిచి చూస్తే అడుగు అరంతా చెద. పిల్లలు చింపేస్తారని దాచిన పుస్తకాలను చెదపురుగులు తినేశాయి. ఆ రోజు మిగిలిన పుస్తకాలు వరండాలో ఎండకు పరిచాం. ఎండబెట్టడానికి సాయం వచ్చిన పిల్లలు అక్కడే కూర్చుని చదవడం మొదలుపెట్టారు. అన్నం గంట కొట్టినా లేవలేదు. తాళం ఎవరికోసం వేశామో అప్పుడు మాకు తెలియలేదు, సిగ్గు మాత్రం వేసింది.

అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు, బట్టలు ఉతుక్కుని తలలు దువ్వుకున్నాక, వరండాలో కూర్చోవడం అలవాటైంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు. కువి మాట్లాడేవాళ్ళు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళు, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవాళ్ళు అందరూ ఉన్నారు.

మొదటి ఆదివారం చదివిన భాగం ఎలా ఉందని అడిగాం. "బాగుంది మేడమ్" అన్నారు. ఏం బాగుంది అంటే "అంతా బాగుంది మేడమ్" అన్నారు. మీకు నవ్వు వస్తోంది గానీ, మీలో ఎంతమంది ఇదే జవాబు చెబుతారో చేతులెత్తమంటే సభ సగం చేతులెత్తుతుంది. పిల్లలకు అభిప్రాయం లేక అలా అనలేదు. పెద్దవాళ్ళు అడిగే ప్రశ్నకు ఎక్కడో ఒక సరైన జవాబు ముందే రాసి ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం వాళ్ళకు కలిగించింది మేమే. బీఈడీలో మాకు నేర్పింది, మేము తరగతిలో చేసింది ఒకటే. పాఠం చివర "ఈ కథలోని నీతి ఏమిటి?" అని అడిగి, ఆ నీతి బోర్డు మీద రాసి, నోట్సులో ఎక్కించడం.

అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. వరండాలో "బాగుంది", "బాగోలేదు" అనే రెండు మాటలు అనకూడదు. వాటికి బదులు మూడు సంగతులు చెప్పాలి. చదువుతూ ఎక్కడ ఆగిపోయావు? ఎక్కడ కోపం వచ్చింది? ఎక్కడ మన ఊరు, మన ఇల్లు కనిపించింది? వార్డెన్ అందరికన్నా చివర మాట్లాడాలి.

మొదటి నవల 'వనవాసి'. బెంగాలీలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన 'ఆరణ్యక' 1939లో పుస్తకంగా వచ్చింది. దాన్ని సూరంపూడి సీతారాం తెలుగు చేశారు. కలకత్తాలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ అనే కుర్రవాడు బీహారు అడవుల్లో ఒక ఎస్టేటుకు మేనేజరుగా వెళతాడు. మొదట్లో అడవి అంటే విసుగు. తర్వాత దాన్ని విడిచి ఉండలేనంత ఇష్టం. కానీ అతని ఉద్యోగం ఏమిటి? ఆ అడవి భూమిని రైతులకు కౌలుకు ఇవ్వడం. అంటే తాను ప్రేమించిన అడవిని తన చేతులతోనే నరికించడం.

పిల్లలకు యుగళప్రసాద్ తెగ నచ్చాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, గింజలు తెచ్చి, ఎవరూ అడగకుండానే అడవిలో నాటేవాడు. అడవిదున్నలు వేటగాళ్ళు తవ్విన గోతిలో పడబోతే చెయ్యెత్తి ఆపే దేవుడి సంగతి వచ్చినప్పుడు, "మన జాకర దేవతలాగే" అని ఒకరు అనగానే అందరూ ఒక్కసారి తమ తమ ఊరి దేవతల కథలు ఎత్తుకున్నారు. ఆ రోజు నవల ఒక్క పేజీ కూడా ముందుకు సాగలేదు. మేము బాధపడలేదు.

అయితే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "అడవి పోయిందని ఈయన ఏడుస్తున్నాడు కదా మేడమ్, కౌలుకిచ్చింది ఈయనే కదా?" అంది. "ఆయన కాకపోతే ఇంకొకడు ఇచ్చేవాడు. ఈయన కనీసం నేనే చేశానని రాసుకున్నాడు" అని పదో తరగతి పిల్ల అడ్డుపడింది. రెండు జట్లయ్యాయి. సాయంత్రం కూరగాయలు తరుగుతూ కూడా అదే వాదన. మీరు చెప్పండి మేడమ్ ఎవరిది రైటు అని మా దగ్గరకు వచ్చారు. మాకూ తేలలేదు. అదే చెప్పాం. వార్డెన్ నోట "తేలలేదు" అనే మాట విని పిల్లలు ఎంత ఆశ్చర్యపోయారో!

ఆ నవలలోనే ఒక ఘట్టం ఉంది. దోబ్రు పన్నా అని ఒక ముసలి సంతాల్ రాజు. రాజ్యం ఎప్పుడో పోయింది, పశువులు కాసుకుంటున్నాడు. ఆయన వంశంలోని అమ్మాయి భానుమతి. సత్యచరణ్ ఆమెను భారతదేశం పేరు విన్నావా అని అడుగుతాడు. ఆమె వినలేదు. ఇది చదివినప్పుడు మా పిల్లలు పకపకా నవ్వారు. నవ్వు ఆగాక ఒక పిల్ల నెమ్మదిగా అంది: "ఆవిడ కొండల పేర్లు ఆవిడ వాళ్ళు చెబితేనే కదా ఈయనకు తెలిసింది. అప్పుడు ఈయన్ని చూసి ఎవరూ నవ్వలేదు కదా?" వరండా నిశ్శబ్దమైపోయింది. మంచి నవల మీద, అందరూ మెచ్చిన నవల మీద కూడా మనం ఇలాంటి ప్రశ్న వేయవచ్చు. వేసినంత మాత్రాన నవల చిన్నదైపోదు. మేము 'వనవాసి'ని ఇష్టపడుతూనే ఆ ప్రశ్నను కూడా దాచుకున్నాం.

రెండో నవల మన పక్కింటిదే. గోపీనాథ్ మొహంతి ఒడియాలో రాసిన 'పరజా'. 1945 నాటిది. ఆయన ప్రభుత్వ అధికారిగా కొరాపుట్‌లో పనిచేసి ఆ కొండల జీవితాన్ని దగ్గరగా చూశారు. తర్వాత 1973లో జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. మాచ్‌ఖండ్ నది దాటితే కొరాపుట్. పొర్జ జనం మన వైపూ ఉన్నారు, ఆ వైపూ ఉన్నారు. బిక్రమ్ దాస్ ఇంగ్లీషులోకి చేసిన పుస్తకం మేము చదివి, వారానికి కొంత చొప్పున పిల్లలకు కథగా చెప్పాం.

సుక్రు జానీ అనే పరజా రైతు. భార్య లేదు. ఇద్దరు కొడుకులు మండియా, టిక్రా. ఇద్దరు కూతుళ్ళు జిలి, బిలి. కొడుకులు పెద్దవాళ్ళవుతున్నారు, ఇంకాస్త భూమి చేసుకుందామని అతని ఆశ. అడవి గార్డు కన్ను జిలి మీద పడుతుంది. తండ్రి ఒప్పుకోడు. దాంతో చెట్లు కొట్టాడని కేసు, జరిమానా. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు. ఆ అప్పుకు తండ్రీ, ఒక కొడుకూ గోతీలవుతారు. గోతి అంటే అప్పు తీరేదాకా షావుకారు దగ్గర వెట్టి చేయడం. మన ఏజెన్సీ ముసలివాళ్ళు గొత్తి అంటారే, అదే. తర్వాత రెండో కొడుకూ అదే గోతిలో పడతాడు. ఆడపిల్లలు రోడ్డు పనికి పోతారు. భూమి పోతుంది.

ఈ భాగం అయ్యాక చివర మాట్లాడాలన్న కట్టుబాటు మరచిపోయి మేము ముందే నోరు విప్పాం. "చూశారా, చదువు లేకపోవడం వల్ల, అమాయకత్వం వల్ల సుక్రు జానీ ఎలా మోసపోయాడో! అందుకే మీరు బాగా చదువుకోవాలి" అన్నాం. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాట. నోరు దానంతటదే చెప్పేస్తుంది. పిల్లలు తలలూపారు. ఒక్క తొమ్మిదో తరగతి పిల్ల తల ఊపలేదు.

రెండు ఆదివారాలు ఆ పిల్ల మాట్లాడలేదు. మూడో ఆదివారం నిలబడి, చేతిలోని దువ్వెన మెలితిప్పుకుంటూ ఇలా అంది. ఈ మాటలు మీకు చెప్పడానికి ఆమె ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది. "మేడమ్, సుక్రు జానీ అమాయకుడు కాదు. అతనికి అంతా తెలుసు. గార్డు ఎందుకు కేసు పెట్టాడో తెలుసు. వడ్డీ తీరదనీ తెలుసు. కట్టకపోతే జైలు. ఇంకేం చేస్తాడు? మా నాన్నకూ లెక్క వచ్చు మేడమ్. పసుపు పంట రాకముందే షావుకారు దగ్గర డబ్బు తీసుకున్నాడు, అన్నయ్య ఆసుపత్రికి. పంటకు ఆయన కట్టిన ధర తక్కువని నాన్నకు తెలుసు. తూకం తప్పని తెలుసు. తెలిసే వేలిముద్ర వేశాడు. మా నాన్న తెలివితక్కువవాడు కాదు."

ఆ మాట అని కూర్చుంది. తర్వాత ఏడ్చింది. పక్కనున్న పిల్లలూ ఏడ్చారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక్క విషయం ఆలోచించండి. మేము కూడా కొండ మీద పుట్టినవాళ్ళమే. మా తాత కూడా షావుకారుకు పద్దు ఉన్నవాడే. అయినా మేము ఆ నవలలో చదువులేని తండ్రినే చూశాం. ఆ పిల్ల దారులన్నీ మూసేసిన తండ్రిని చూసింది. నవలలో ఏముందో మళ్ళీ తెరిచి చూశాం. ఆమె చెప్పిందే నిజం. జరిమానా దగ్గర నుంచి మొదలైంది కష్టం. సంతకం పెట్టడం వస్తే ఆ జరిమానా తప్పేదా? చదువు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ మన తల్లిదండ్రుల కష్టానికి వాళ్ళ అజ్ఞానమే కారణమని మన పిల్లలకే పాఠం చెప్పడం తప్పు. తర్వాతి ఆదివారం వరండాలో అందరి ముందు మా మాట వెనక్కి తీసుకున్నాం.

ఇంకో సంగతి ఆ తర్వాత తెలిసింది. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి ఇక తిరిగి రాకూడదని, కూలికి పోయి ఆ అప్పు తీర్చాలని ఆ పిల్ల నిశ్చయించుకుంది. ట్రంకు పెట్టెలో బట్టలన్నీ సర్దేసింది కూడా. మాకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నవల గురించి మాట్లాడకపోతే ఎప్పటికీ తెలిసేది కాదేమో. మేము వాళ్ళ ఊరు వెళ్ళాం. తండ్రి మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, చోడి అంబలి ఇచ్చి, "నా అప్పు నాది, దాని చదువు దానిది" అన్నాడు. సెలవులయ్యాక పిల్ల తిరిగి వచ్చింది. ఇప్పుడు పదో తరగతి. అప్పు ఇంకా తీరలేదు. నవల చదివితే అప్పులు తీరవు. కానీ ఒక ఇంటి బాధను ఆ ఇంటి పిల్ల తలదించుకోకుండా చెప్పగలిగింది. సుక్రు జానీ ఆమెకు ఆ ధైర్యం ఇచ్చాడు.

నవల ముగింపు మీద మాకు ఇప్పటికీ ఒప్పందం కుదరలేదు. చివరకు తండ్రీ కొడుకులు షావుకారును నరికి, తామే పోలీసుల దగ్గరకు వెళ్ళి ఒప్పుకుంటారు. సరిగ్గా చేశారని కొందరు, ఆడపిల్లల సంగతి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదని కొందరు. "కథ ఠాణా దగ్గర ఆగిపోయింది. జిలి ఎక్కడికి పోవాలి?" అని ఒకరు అడిగారు. అయితే నువ్వే రాయి అన్నాం. పదకొండు మంది తలో పేజీ రాశారు. ఒకరి కథలో జిలి ఒక చిన్న పిల్లల హాస్టల్లో వంటమనిషి అయింది. మా వంట అక్క అది విని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మూడో నవల 'కొచ్చరేత్తి'. మొదటి రెండు నవలలూ మనల్ని ప్రేమించిన బయటివాళ్ళు రాసినవి. ఇది అలా కాదు. రచయిత నారాయణ్ కేరళలోని మల అరయ తెగకు చెందినవారు, తపాలా శాఖలో పనిచేశారు. మలయాళంలో 1998లో వచ్చిన ఈ నవలకు కేరళ సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఆదివాసులను రాక్షసుల్లాగానో, కోతుల్లాగానో చూపే కథలు చదివి విసిగిపోయి తానే రాయడానికి పూనుకున్నానని ఆయన చెప్పేవారు. 2022లో చనిపోయారు. కేథరిన్ తంకమ్మ ఇంగ్లీషు అనువాదం నుంచి దీన్ని కూడా మేము కథగా చెప్పాం.

కుంజిపెణ్ణు, కొచ్చురామన్ అనే దంపతుల జీవితం ఇది. మిరియాల పంట, దళారులు, పన్నులు, దేవతలు, సారా అన్నీ ఉన్నాయి. మా పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడింది మాత్రం వాళ్ళ కూతురు పార్వతి గురించి. చదువుకుంటుంది, పట్నంలో ఉద్యోగం చేస్తుంది, క్రమంగా తల్లిదండ్రులకు దూరమవుతుంది. చివర్లో జబ్బుపడిన తండ్రిని పట్నం ఆసుపత్రిలో చేర్చితే, ఆపరేషన్ మాట విని ముసలి దంపతులిద్దరూ అక్కడి నుంచి తప్పించుకుని పోతారు.

పార్వతి మీద మా పిల్లలు నిప్పులు చెరిగారు. "కన్నవాళ్ళను చూసి సిగ్గుపడుతుందా? ఆవిడ చదువెందుకు?" అన్నారు. ఈసారి మేము కట్టుబాటు ప్రకారం చివర మాట్లాడాం. మాట్లాడడం కష్టమైంది. మేము శిక్షణ కళాశాలలో చదివే రోజుల్లో ఒకసారి మా అమ్మ రెండు బస్సులు మారి, నెత్తిన పనసపండు పెట్టుకుని హాస్టల్ గేటు దగ్గరకు వచ్చింది. కువిలో పిలిచింది. పక్కన స్నేహితురాళ్ళు ఉన్నారు. మేము తెలుగులో జవాబిచ్చాం. అమ్మ మళ్ళీ కువిలో అడిగింది, మేము మళ్ళీ తెలుగులోనే. మూడోసారి అమ్మ కూడా తనకు వచ్చీరాని తెలుగులో మాట్లాడింది. పండు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తలేదు. పార్వతిని తిట్టే హక్కు మాకు లేదని పిల్లలతో చెప్పాం.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఒక పిల్ల, "మేడమ్, మా అమ్మ ఫోన్ చేస్తే నేను బయటకు పోయి మాట్లాడతాను. ఎవరూ వినకూడదని" అంది. ఇంకొకరు నేనూ అన్నారు. తర్వాతి వారం నుంచి ఏమైందంటే, వరండాలో నవల గురించి చెప్పేటప్పుడు ముందు ఇంటి భాషలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. మేము పెట్టిన కట్టుబాటు కాదది. వాళ్ళే పెట్టుకున్నారు. ఇంటి భాషలో చెప్పినప్పుడు వాళ్ళ అభిప్రాయాలు పొడుగ్గా ఉన్నాయి, పదునుగా ఉన్నాయి. తెలుగులో "బాగుంది" దగ్గర ఆగిపోయే పిల్ల కువిలో పావుగంట మాట్లాడింది. వాళ్ళకు అభిప్రాయాలు లేవని ఇన్నాళ్ళూ అనుకున్నాం.

ఇక మీతో ఒక మాట. నవల చదివి అభిప్రాయం చెప్పడానికి డిగ్రీలు అక్కర్లేదు. ఏ పేజీలో ఏముందో చూపించగలగాలి. కథ ఎవరు చెబుతున్నారో, ఎక్కడ నిలబడి చెబుతున్నారో గమనించాలి. ఎదుటివాళ్ళ మాటతో పేచీ పడండి, మనిషితో వద్దు. మీ మాట తప్పని తేలితే అందరి ముందే వెనక్కి తీసుకోండి. మేము ఈ వయసులో తీసుకున్నాం, ఏమీ కాలేదు. పిల్లలు మా దగ్గరకు ఇంకాస్త జరిగి కూర్చున్నారు, అంతే.

చదవడానికి ఏమున్నాయని అడగకండి. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' ఉంది. ఈ ఏడాది మేము మొదలుపెట్టేది అదే. మహాశ్వేతాదేవి బిర్సా ముండా మీద రాసిన 'అరణ్యేర్ అధికార్' ఉంది, దానికి 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నవల కాకపోయినా, గోర్ బంజారా కథల పుస్తకం 'ఢావ్లో' ఉంది. దాన్ని రాసిన రమేశ్ కార్తీక్ నాయక్ మీ వయసువాడే. 2024లో ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తండా నుంచి ఆ గొంతు వినిపించింది. మన కొండల నుంచి కువిలో, ఆదివాసీ ఒడియాలో, సవరలో మాట్లాడే పిల్ల రాసే నవల కోసం మేము ఎదురుచూస్తున్నాం. అది రాయబోయే మనిషి ఈ సభలోనే ఎక్కడో కూర్చుని ఉండవచ్చు.

కాబట్టి ఇంటికి వెళ్ళాక నలుగురు కలవండి. ఒక నవల తీసుకోండి. ఒక్కటే కాపీ ఉంటే ఒకరు చదవండి, మిగిలినవాళ్ళు వినండి. మన తాతలు రాత్రంతా కథ విన్నవాళ్ళే, వినడం మనకు కొత్త కాదు. విన్నాక "బాగుంది" అని లేచిపోకండి. ఎక్కడ ఆగిపోయావో చెప్పు అని పక్కవాళ్ళను అడగండి.

మా చెక్క బీరువాకు ఇప్పుడు తాళం లేదు. కిందటి నెల లెక్క చూస్తే రెండు పుస్తకాలు తగ్గాయి. ఎవరి ట్రంకు పెట్టెలో ఉన్నాయో మాకు తెలుసు. అడగలేదు.